పక్కమొక్క విషం, పైరు వేరు: అల్లెలోపతి పరిశోధనలో ఆక్సీకరణ ఒత్తిడిని నిరూపించడం ఎలా?

పొలంలో కలుపు పెరిగితే పైరు గిడసబారడానికి నీరు, ఎండ, ఎరువుల కోసం జరిగే పోటీ ఒక కారణం. మొక్కలు తమ వేళ్లనుంచి, రాలిన ఆకులనుంచి, కుళ్లుతున్న మోళ్లనుంచి వదిలే రసాయనాలు పక్కమొక్కల ఎదుగుదలను దెబ్బతీయడం మరో కారణం. ఈ రెండోదానికి 1937లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త హాన్స్ మోలిష్ అల్లెలోపతి అని పేరుపెట్టాడు. అంతకు పన్నెండేళ్ల ముందే, 1925లో, అమెరికాలోని వర్జీనియాలో మాసీ అనే శాస్త్రవేత్త నల్ల అక్రోటు చెట్ల వేళ్లు పాకినంత మేరా టమాటా మొక్కలు వాడిపోతున్నాయని నమోదు చేశాడు. దానికి కారణమైన జుగ్లోన్ ఒక క్వినోన్ రసాయనమని ఇప్పుడు మనకు తెలుసు.

విషం ఉందని తేలాక, అది కణంలో చేసే పనేమిటన్న ప్రశ్న మిగిలింది. గత పాతిక ముప్పై ఏళ్లుగా దీనికి ఎక్కువగా వినిపిస్తున్న జవాబు ఆక్సీకరణ ఒత్తిడి, అంటే చురుకైన ఆక్సిజన్ రూపాలు కణం తట్టుకోగలిగినదాన్ని మించి పోగుపడటం. మన విశ్వవిద్యాలయాల్లో వయ్యారిభామ, నీలగిరి, తుంగ, లాంటానా సారాలతో జరిగే ప్రయోగాల్లోనూ చాలావరకు ఇదే ముగింపు కనిపిస్తుంది: వేరు పొడవు తగ్గింది, కణత్వచంలోని కొవ్వులు చెడినప్పుడు మిగిలే మాలొండైఆల్డిహైడ్ పెరిగింది, ఎంజైముల చురుకుదనం మారింది, కాబట్టి ఆక్సీకరణ ఒత్తిడి వల్లే వేరు దెబ్బతింది. ఈ 'కాబట్టి' దగ్గర ఆగి ఆలోచించాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. ఈ కొలతలు నిజమే కావచ్చు. వాటినుంచి కార్యకారణ సంబంధాన్ని నిర్ధారించాలంటే ఇంకా చాలా పని ఉంది.

ఆరోగ్యంగా ఉన్న వేరులో ఆక్సిజన్ పాత్ర

ఆక్సిజన్ అణువుకు ఒక ఎలక్ట్రాన్ చేరితే సూపర్ ఆక్సైడ్ అవుతుంది. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ పెరాక్సైడ్‌ను కెటలేస్, ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ లాంటి ఎంజైములు నీరుగా మార్చేస్తాయి. ఆ లోపు దానికి ఫెర్రస్ రూపంలోని ఇనుము తగిలితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. దాని ఆయువు నానోసెకన్లలోనే ఉంటుంది గానీ, పుట్టినచోట ఏది దొరికితే దాన్ని, కొవ్వు, ప్రొటీన్, డీఎన్ఏ అన్న తేడా లేకుండా, ఆక్సీకరిస్తుంది. కణత్వచంలోని కొవ్వులు చెడితే లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది.

ఇంతవరకే చదివితే ఈ ఆక్సిజన్ రూపాలన్నీ వేరుకు శత్రువులన్న భావన కలుగుతుంది. ఏ విషమూ తగలని వేరును నైట్రోబ్లూ టెట్రజోలియం ద్రావణంలో కాసేపు ఉంచి చూడండి. కొనకు కాస్త పైన, కణాలు విభజన చెందే చోట, ముదురు నీలం రంగు పట్టుకుంటుంది. అది సూపర్ ఆక్సైడ్ ఆనవాలు. అలాంటిదే మరో వేరును డయామినోబెంజిడిన్‌లో ఉంచితే గోధుమరంగు మరికొంత పైన, కణాలు పొడవు పెరిగి పక్వమయ్యే చోట, కనబడుతుంది. అది హైడ్రోజన్ పెరాక్సైడ్. ఈ రెండింటి మధ్య సమతూకమే, కణం విభజన మాని పొడవు పెరగడం ఎప్పుడు మొదలుపెట్టాలో నిర్ణయించే సంకేతాల్లో ఒకటని అరబిడాప్సిస్ మొక్కపై 2010లో వెలువడిన పరిశోధన చూపింది. మూలకేశం పొడుచుకు రావడానికి కూడా కణత్వచంలోని ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ తయారుచేసే సూపర్ ఆక్సైడ్ అవసరమని అంతకుముందే, 2003లో, తేలింది. ఆ ఎంజైము లోపించిన మొక్కకు మూలకేశాలు సరిగా ఎదగవు.

కాబట్టి వేరులో పెరాక్సైడ్ పెరిగిందన్న కొలత ఒక్కటే విడిగా ఏమీ చెప్పదు. ఎక్కడ పెరిగింది, ఎంతసేపు పెరిగింది, ఎదుగుదల ఆగకముందా ఆగాకనా అన్నవి తెలిసినప్పుడే దానికి అర్థం వస్తుంది.

విషం ఒక్కటి కాదు, దారీ ఒక్కటి కాదు

అల్లెలోపతి రసాయనాలన్నిటినీ ఒకే గాటన కట్టడం ఈ రంగంలో సాధారణమైపోయింది. అవి వేరులో ఆక్సీకరణను పెంచే దారులు మాత్రం వేరువేరు.

జుగ్లోన్ లాంటి క్వినోన్‌లు స్వయంగా ఎలక్ట్రాన్‌లను అటూ ఇటూ మోస్తాయి. కణంలోని ఎంజైములనుంచి ఎలక్ట్రాన్ తీసుకుని ఆక్సిజన్‌కు అప్పగిస్తాయి, మళ్లీ మొదటి రూపానికి వచ్చి అదే పని మొదలుపెడతాయి. తాము ఖర్చు కాకుండానే సూపర్ ఆక్సైడ్‌ను పుట్టిస్తూ పోవడంవల్ల తక్కువ మోతాదు కూడా పెద్ద నష్టం చేయగలదు.

వయ్యారిభామలోని పార్థెనిన్ పద్ధతి వేరు. 1955 ప్రాంతంలో మన దేశంలో పుణె దగ్గర గుర్తించిన ఈ కలుపు ఇవాళ మన ఊళ్లలో బీడు, గట్టు, రోడ్డు పక్క అన్న తేడా లేకుండా పరుచుకుంది. దాని ఆకులమీది సన్నని నూగులో పార్థెనిన్ ఉంటుంది. ఈ అణువులోని లాక్టోన్ వలయానికి అంటుకుని ఉన్న మిథిలీన్ భాగం గంధకం ఉన్న థయోల్ సమూహాలకు బలంగా అతుక్కుంటుంది. వేరు కణంలో అలాంటి థయోల్ పెద్ద మొత్తంలో దొరికేది గ్లూటాథయోన్‌లో. అంటే పార్థెనిన్ నేరుగా ఆక్సీకరణ చేయనక్కర్లేదు. ఆక్సీకరణనుంచి కణాన్ని కాపాడే నిల్వను అది ఖాళీ చేస్తుంది. రోజూ మామూలుగా పుట్టే పెరాక్సైడే అప్పుడు కణానికి భారమవుతుంది. ఈ తేడా ఆచరణలోనూ ముఖ్యమే: క్వినోన్ దెబ్బకు మొదట పెరిగేది సూపర్ ఆక్సైడ్, పార్థెనిన్ దెబ్బకు మొదట తగ్గాల్సింది గ్లూటాథయోన్. రోజుల తర్వాత ఒక్కసారి మాత్రమే కొలిచే ప్రయోగానికి ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మూడో దారి అన్నిటికంటే ఆసక్తికరమైనది. ఇందులో వేరు తన సొంత ఎంజైములతోనే తనను దెబ్బతీసుకుంటుంది. దీనికి మంచి ఉదాహరణ కీరదోస. ఒకే మడిలో కీరదోస వెనుక కీరదోస వేస్తూ పోతే దిగుబడి పడిపోతుందని చైనా, జపాన్ గ్రీన్‌హౌస్ రైతులకు ఏనాడో తెలుసు. హైదరాబాద్ చుట్టుపక్కల పాలీహౌస్‌లలో ఏడాది పొడవునా కీర పండించేవారికీ ఈ సమస్య కొత్త కాదు. కీర వేళ్లు స్రవించే పదార్థాల్లో సిన్నమిక్ ఆమ్లం, దానికి బంధువులైన ఫినాలిక్ ఆమ్లాలు ఉన్నాయని 1994లో యు, మత్సుయి గుర్తించారు. ఆ తర్వాత చైనాలో యు బృందం ఒక చక్కటి పోలికను ఎంచుకుంది: ఒకవైపు కీరదోస, మరోవైపు అదే కుటుంబానికి చెందిన, నల్లగింజలుండే కుకుర్బిటా ఫిసిఫోలియా గుమ్మడి. రెండు మొక్కల వేళ్లకూ సిన్నమిక్ ఆమ్లం ఇచ్చారు. కీర వేరులో ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ చురుకుదనం పెరిగింది, ఆక్సిజన్ రూపాలు పోగుపడ్డాయి, కణత్వచంలోని ప్రోటాన్ పంపు మందగించింది, కణాలు చనిపోయాయి. గుమ్మడి వేరు ఆ స్థాయిలో చలించలేదు. 2007లో వచ్చిన ఈ పత్రం బలమంతా ఈ పోలికలోనే ఉంది. విషం ఒకటే, మోతాదు ఒకటే, ఫలితం మారింది. మారడానికి కారణం స్వీకరించే వేరు స్వభావమని చూపగలిగారు.

దీనికి ముందు, 2004లో, అదే బృందం సిన్నమిక్ ఆమ్లం తగిలిన కీరకు ఫ్యూజేరియం ఎండుతెగులు ఎక్కువగా వస్తుందని చూపింది. దీన్నిబట్టి పాలీహౌస్ రైతు 'తెగులు' అని చూస్తున్నదాని వెనుక కొంతవరకు పైరు సొంత విషం ఉండే అవకాశముంది. ఎండుతెగులును తట్టుకోవడానికి కీరను గుమ్మడి వేరుమీద అంటుకట్టే పద్ధతి తూర్పు ఆసియాలో విరివిగా ఉంది. ఆ అంటు తెగులునే కాకుండా విషాన్ని కూడా దాటిస్తోందని ఈ ప్రయోగాలను కలిపి చదివితే అనిపిస్తుంది.

ఇక్కడే చెప్పుకోవాల్సిన మరో సంగతి ఉంది. వేరు పొట్టిగా మిగలడానికి కణాలు చావనక్కర్లేదు. బ్రెజిల్‌లోని మరింగా విశ్వవిద్యాలయ పరిశోధకులు సోయా వేళ్లమీద ఫెరులిక్, సిన్నమిక్ ఆమ్లాలతో చేసిన వరుస ప్రయోగాల్లో, బయటినుంచి వచ్చిన ఈ ఆమ్లాలను వేరు కణకవచాన్ని గట్టిపరిచే లిగ్నిన్ తయారీలోకి మళ్లిస్తుందని తేలింది. లిగ్నిన్ గొలుసులు కట్టడానికి పెరాక్సిడేజ్‌లకు హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. కణకవచం ముందే గట్టిపడిపోతే కణం ఇక సాగలేదు, వేరు ఎదుగుదల ఆగిపోతుంది. పెరాక్సైడ్ ఇక్కడ వేరును కాల్చలేదు, బిగించింది. 'ఆక్సీకరణ నష్టం' అన్న పేరు ఈ ప్రక్రియకు నప్పదు.

గాజు పళ్లెంలో పొంచి ఉన్న తప్పులు

చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో సింగ్, బాటిష్, కోహ్లీల బృందం ఈ రంగంలో మన దేశానికి గుర్తింపు తెచ్చిన పని చేసింది. దేవదారు జాతి చెట్లలో దొరికే ఆల్ఫా పైనీన్ కసింద వేళ్లలో కలిగించే ఆక్సీకరణ ఒత్తిడిమీద, రై ధాన్యపు మొక్కనుంచి వచ్చే బెంజాక్సజోలినోన్ పెసర మొలకలమీద చూపే ప్రభావంమీద 2006లో వారు ప్రచురించిన పత్రాలను ఇప్పటికీ విరివిగా ఉదహరిస్తారు. ఆ పత్రాలకు బలం శుద్ధమైన ఒక్క పదార్థంతో, వేరువేరు మోతాదుల్లో పనిచేయడం. వారి దారిలో నడుస్తున్నామనుకునే చాలా ప్రయోగాల్లో ఈ జాగ్రత్త లోపిస్తోంది. ఎండబెట్టిన ఆకుపొడిని పది శాతం మోతాదులో నీటిలో నానబెట్టి, వడగట్టి, పెట్రి పళ్లెంలోని వడపోత కాగితంమీద పోసి, పైన పెసర గింజలు పరిస్తే వచ్చే ఫలితంలో ఎన్నో కారణాలు కలగలిసి ఉంటాయి.

అంత చిక్కని సారంలో చక్కెరలు, లవణాలు ఉంటాయి కనుక దాని ద్రవాభిసరణ ఒత్తిడి గింజకు నీరందకుండా చేస్తుంది. నీటి ఎద్దడే ఆక్సీకరణ ఒత్తిడిని పుట్టిస్తుంది. అదే ఒత్తిడికి సరితూగే పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణంతో మరో పళ్లెం పెట్టకపోతే ఫలితం విషానిదో ఎద్దడిదో విడదీయలేం.

ఇంతకంటే సూక్ష్మమైన చిక్కు ఇంకొకటి ఉంది. పక్కపక్కనే రెండు హైడ్రాక్సిల్ సమూహాలున్న ఫినాల్‌లు, ఉదాహరణకు కెఫియిక్ ఆమ్లం, క్షారత వైపు మొగ్గిన ద్రావణంలో గాలి తగిలితే చాలు తమంతట తాము ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వదులుతాయి. ఈ పెరాక్సైడ్ వేరులో పుట్టలేదు, పళ్లెంలో పుట్టింది. వేరు దాన్ని పీల్చుకుంటే కొలతలో మాత్రం వేరులో పెరాక్సైడ్ పెరిగినట్టే వస్తుంది. గింజలు లేని పళ్లెంలోనూ సారాన్ని పరీక్షించడం, ద్రావణంలో కెటలేస్ కలిపి ఫలితం మారుతుందేమో చూడటం కష్టమైన పనులు కావు. ఎక్కువ పత్రాల్లో అవి కనిపించవు.

మాలొండైఆల్డిహైడ్ కొలతకు వాడే థయోబార్బిట్యూరిక్ ఆమ్ల పరీక్ష తీరు చూడండి. కణజాలాన్ని ఆమ్లంతో కాచినప్పుడు వచ్చే గులాబీ రంగును 532 నానోమీటర్ల వద్ద చదువుతాం, 600 వద్ద చదివిన మసకను అందులోంచి తీసేస్తాం. ఆ ఆమ్లంతో కలిసిన చక్కెరలు, ఆంథోసయనిన్‌లు కూడా 532 దగ్గరే కాంతిని పట్టుకుంటాయి. అవి ఎక్కువగా ఉన్న కణజాలంలో ఈ పరీక్ష లేని నష్టాన్ని చూపుతుందని హాడ్జెస్, సహ పరిశోధకులు 1999లోనే హెచ్చరించి సవరణ సూత్రం ఇచ్చారు. ఒత్తిడికి లోనైన మొలకలు ఎర్రబారడం మామూలే. మన పత్రాల్లో సవరణ లేని అంకెలు ఇప్పటికీ ఎక్కువే. ఎంజైముల సంగతి మరీ తికమక: కెటలేస్ పెరిగితే 'మొక్క ఎదుర్కొంది' అనీ, తగ్గితే 'మొక్క ఓడింది' అనీ రాస్తున్నాం. ఎటు మారినా మన ఊహే నిజమని తేల్చే కొలతను రుజువుగా చూపడం సరికాదని నా అభిప్రాయం.

నేల మధ్యవర్తిత్వం

ఒక రసాయనం వేరును దెబ్బతీయగలదనడం వేరు, పొలంలో దెబ్బతీస్తోందనడం వేరు. ఈ అంతరం ఎంత లోతైనదో కెటెచిన్ చరిత్ర చెబుతుంది. ఐరోపానుంచి అమెరికా పచ్చికబయళ్లలోకి చొరబడిన సెంటోరియా అనే కలుపు తన వేళ్లనుంచి కెటెచిన్ వదులుతుందనీ, అది పక్కమొక్క వేరుకొనలో ఆక్సిజన్ రూపాల కెరటాన్ని లేపి కణాలను చంపుతుందనీ 2003లో సైన్స్ పత్రిక ప్రచురించింది. కలుపు దండయాత్రకు ఇంత స్పష్టమైన అణుస్థాయి వివరణ దొరికిందని అందరూ సంబరపడ్డారు. తర్వాత పొలాల్లో మట్టి తవ్వి కొలిచిన ఇతర పరిశోధకులకు అంత కెటెచిన్ దొరకలేదు. 2009లో డ్యూక్, సహచరులు కెటెచిన్ మొక్కలకు చాలా బలహీనమైన విషమనీ, పైగా అది ఆక్సీకరణను అడ్డుకునే పదార్థమనీ చూపారు. టీలో మనం మెచ్చుకునే కెటెచిన్ కుటుంబం ఇదే. ఈ రంగంలోకి అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ ఈ ఉదంతాన్ని మొదట చదవాలని కోరుకుంటాను.

నేల విషాన్ని తగ్గించడమే కాదు, మార్చి పెంచడమూ ఉంది. రై వేరునుంచి వచ్చే బెంజాక్సజోలినోన్‌ను మట్టిలోని సూక్ష్మజీవులు అమినోఫినాక్సజినోన్‌గా మారుస్తాయి. ఇది అసలు పదార్థంకంటే ఎక్కువ విషపూరితం, మట్టిలో ఎక్కువకాలం నిలుస్తుంది కూడా. శుద్ధమైన బెంజాక్సజోలినోన్‌తో పెసరమీద చేసిన ప్రయోగం పొలంలో నిజంగా పనిచేసే అణువును చూడకపోయి ఉండవచ్చు. పార్థెనిన్ విషయం దీనికి ఎదురు: మట్టిలో అది రోజుల వ్యవధిలో విరిగిపోతుంది. కలుపు పచ్చిగా ఉండి వాన తర్వాత వాన ఆకులను కడుగుతూ ఉంటేనే వేరుకు అందే మోతాదు నిలకడగా ఉంటుంది. ఎండిన పొడితో ఒక్కసారి పోసిన సారం ఆ పరిస్థితికి ప్రతినిధి కాలేదు.

జొన్న చేను: పరీక్షకు తగిన చోటు

ఇన్ని అభ్యంతరాల తర్వాత ఎక్కడ పని మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నా జవాబు జొన్న. జొన్న లేత పైరులో ధురిన్ అనే సయనైడ్ గ్లూకోసైడ్ ఉంటుందనీ, నాము తిన్న పశువు ప్రాణానికి ముప్పనీ మన రైతులకు చెప్పనక్కర్లేదు. వేరు కథ అంతగా ప్రచారంలో లేదు. జొన్న గింజలను తడి కాగితంమీద మొలకెత్తించి నాలుగైదు రోజుల తర్వాత భూతద్దంతో చూస్తే ఒక్కో మూలకేశం కొసన బంగారురంగు నూనె చుక్క మెరుస్తూ కనబడుతుంది. అది ప్రధానంగా సోర్గోలియోన్. 1986లో నెట్జ్‌లీ, బట్లర్ ఈ చుక్కలను వివరించారు. ఇదీ క్వినోనే. కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్ రవాణాను, మైటోకాండ్రియాలో శ్వాసక్రియను, కణత్వచంలోని ప్రోటాన్ పంపును అడ్డుకోగలదు. ఎలక్ట్రాన్ రవాణా మధ్యలో ఆగినచోట ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్ జారిపోయే అవకాశం ఎక్కువ, కనుక ఆక్సీకరణ ఒత్తిడి వాదనకు ఇక్కడ గట్టి పునాది ఉంది.

నూనె స్వభావం వల్ల సోర్గోలియోన్ నీటితోపాటు దూరం పోదు, పుట్టిన వేరు చుట్టే మట్టి రేణువులకు పట్టుకుని ఉంటుంది. అందుకే అప్పుడే మొలిచిన చిన్నగింజల కలుపు దెబ్బతిన్నంతగా ముదిరిన మొక్కలు దెబ్బతినవు. తెలంగాణ, రాయలసీమ రైతులు తరతరాలుగా జొన్నలో కందిని సాళ్లుగా వేస్తున్నారు, కంది బతుకుతోంది, పండుతోంది. కంది వేరు కూడా ఊరుకోదు: ఎర్రనేలల్లో ఇనుముతో బిగుసుకుపోయిన భాస్వరాన్ని అది పిసిడిక్ ఆమ్లంతో విడిపిస్తుందని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో పనిచేసిన పరిశోధకులు 1990లో చూపారు. అదే ఇక్రిశాట్, జపాన్‌కు చెందిన జిర్కాస్ పరిశోధన సంస్థతో కలిసి, మట్టిలోని అమ్మోనియం కాస్తా నైట్రేట్‌గా మారడాన్ని సోర్గోలియోన్ నెమ్మదింపజేస్తుందని తర్వాత నిరూపించింది. దీన్ని గమనిస్తే, జొన్న తర్వాతి పైరు పసుపుబారితే దాన్ని నేరుగా వేరు విషానికి అంటగట్టే ముందు నత్రజని లెక్క చూడాలి. జొన్న మోళ్లు కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నత్రజనిని తమకోసం పట్టుకోవడమూ ఆ లెక్కలో చేరాలి.

జొన్న-కంది చేనులో పరిశోధకుడికి కావలసినవన్నీ ఒకేచోట ఉన్నాయి: గుర్తించిన విషం, అది పుట్టే కణం, దాన్ని తక్కువగా ఎక్కువగా స్రవించే జొన్న రకాలు, తట్టుకునే పొరుగు పైరు, తట్టుకోలేని కలుపు. పలుచని మట్టిని గాజు పలకల మధ్య నింపిన పెట్టెల్లో జొన్న వేరును ఒకపక్కన పెంచి, దానికి ఒకటి, అయిదు, ఇరవై మిల్లీమీటర్ల దూరాల్లో కంది, తోటకూర మొలకలను నాటవచ్చు. ప్రతి దూరంలోనూ మట్టిలో ఉన్న సోర్గోలియోన్‌ను కొలవాలి. మొదటి గంటనుంచే వేరుకొనలో సూపర్ ఆక్సైడ్, గ్లూటాథయోన్ చూస్తూ పోవాలి, పక్కనే వేరు పొడవును నమోదు చేయాలి. ఆక్సీకరణ ముందు వచ్చి ఎదుగుదల తర్వాత ఆగిందా, లేక చావబోతున్న కణంలో చివరి ఘట్టంగా ఆక్సీకరణ వచ్చిందా అన్నది ఈ వరుస చెబుతుంది. ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్‌ను ఆపే డైఫినైలీన్ అయోడోనియం ఒక పెట్టెలో, గ్లూటాథయోన్ మరో పెట్టెలో ఇచ్చి వేరు తిరిగి సాగుతుందేమో చూడాలి. ఒకే పెట్టెను ఎర్ర చల్కాతోనూ, బంకమట్టి హెచ్చుగా ఉండి క్షారత వైపు మొగ్గే నల్లరేగడితోనూ నింపితే నేల పాత్ర కూడా అందులోనే తేలుతుంది. తోటకూర వేరుకొన ఒక మిల్లీమీటరు దగ్గర మామూలుకంటే ముదురు నీలంగా మారి, ఇరవై దగ్గర మారకుండా, గ్లూటాథయోన్ ఇచ్చిన పెట్టెలో మళ్లీ ఎదిగితే, అప్పుడు ఆక్సీకరణ ఒత్తిడి కారణమని రాయడానికి ఆధారం దొరికినట్టు.